ఎర్ర ఇంటూ గుర్తు

పోయింది. ఉన్నట్టుండి పోయింది. ఇప్పటిదాకా తెర మీద ఇక్కడే ఉన్న పేరు, చిన్న చిన్న బొమ్మల పక్కన బారుగా నిలబడ్డ పేర్ల మధ్యలో ఉన్న నెట్‌వర్క్ కార్డు పేరు, ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచేసినట్టు లేకుండా పోయింది. ఆపరేటరమ్మ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. కీబోర్డు ఉంది. మౌసు ఉంది. ఏనాడూ సరిగా నోరు విప్పని సౌండు కార్డు కూడా బుద్ధిగా తన చోట తను ఉంది. ఉండాల్సినదొక్కటే లేదు. కొంప మునిగింది అనుకుంది. పైకే అంది. ఇంట్లో వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఇంకోసారి కూడా అంది. తను చెయ్యబోయింది ఇది కాదు. తను చెయ్యబోయింది ఎప్పుడూ చేసేదే, ఆ పేరు మీద కుడి బటను నొక్కి, డిసేబుల్ అన్నదాన్ని ఎంచుకుని, నిజంగానే ఆపేయమంటావా అని అది అడిగితే అవునని చెప్పడం. అప్పుడు పేరు మీద ఎర్ర ఇంటూ గుర్తు పడుతుంది. నెట్ ఆగిపోతుంది. నెట్ ఆగిపోతే ఫోన్ చెయ్యడానికి ఒక కారణం దొరుకుతుంది. అంతే, అంతకు మించి దురాలోచనేమీ లేదు. కానీ ఆ డిసేబుల్ కిందే, దాన్ని ఆనుకునే, అన్‌ఇన్‌స్టాల్ ఉంది. వేలు కాస్త కిందికి జారింది. అది ఏదో అడిగింది. ఎప్పుడూ అడిగేదేగా అని చదవకుండానే సరే అనేసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి చదవకుండా సరే అంటే ఒక్క క్షణం ఆగలేదు, చక్కా వెళ్ళిపోయింది.

ఫోన్ చెయ్యాలనుకున్నది కోడలికి. కోడలంటే ఇప్పుడు కోడలు కాదు, ఒకప్పటి కోడలు. కొడుకూ ఆ పిల్లా విడిపోయి ఏళ్ళయింది. కాగితాల మీద ఆ పిల్లకీ ఈ ఇంటికీ ఏ సంబంధమూ లేదు. ఈ పాత కంప్యూటర్‌కీ ఆ పిల్లకీ మాత్రం ఉంది, ఎందుకంటే దీని రోగాలూ మందులూ ఆ పిల్ల ఒక్కదానికే తెలుసు. ఉద్యోగమూ అదే. పెద్ద కంపెనీలో హెల్ప్ డెస్కు, చెవులకి హెడ్‌సెట్టు తగిలించుకుని ఎవరి నెట్ ఎందుకు రావడం లేదో పొద్దస్తమానం వినడం. ఆపరేటరమ్మ ఎప్పుడు చేసినా ఆ డెస్కు నంబరుకే చేస్తుంది, సెల్‌కి చెయ్యదు. సెల్‌కి చేస్తే చుట్టరికం కలుపుకున్నట్టు, డెస్కుకి చేస్తే పని ఉన్నట్టు. పని ఉండి ఫోన్ చేసిన మనిషిని ఎవరూ ఏమీ అనలేరు కదా. ఈ తర్కం ఆవిడ ఒక్కతే కూర్చుని వేసుకున్నది, ఎవరికీ చెప్పలేదు. అది ఇవాళ్టితో సరి. ఇవాళ ఆ ఆఫీసులో ఆ పిల్లకి ఆఖరి రోజు. వచ్చే వారం పెళ్ళి, ఆ పైన వేరే ఊరు, వేరే ఇల్లు, వేరే మనుషులు. రేపటినుంచి ఆ నంబరుకి చేస్తే ఇంకెవరో ఎత్తి, మీ సమస్య ఏమిటండీ అని అడుగుతారు. ఇంకో గంటలో ఆ ఆఫీసులో భోజనాల వేళ, ఆ పిల్లకి కాస్త తీరిక దొరికేది అప్పుడే. ఆ డెస్కు ఖాళీ కాకముందు ఒక్కసారి, "చెప్పండి అత్తయ్యా, లైటు వెలుగుతోందా?" అన్న మాట చెవిన పడితే చాలనుకుంది. దానికోసమే పొద్దున్నే తలంటుకుని మరీ, ఎవరో ఇంటికి వస్తున్నట్టు, కంప్యూటర్ ముందు కూర్చుంది. కూర్చుని ఇంత పని చేసింది.

ఆపి మళ్ళీ వేస్తే? లోకమంతటికీ తెలిసిన మందు అదొక్కటే. కానీ ఆపొద్దని ఆ పిల్ల మరీ మరీ చెప్పింది, దీని పవర్ సప్లై ముసలిదైపోయింది అత్తయ్యా, పూర్తిగా ఆరిపోతే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం నాకు లేదు, ఏం జరిగినా ఆపకండి, ముందు నాకు చెయ్యండి. నాకు చెయ్యండి. ఆ మాట మీది గౌరవంతోనే ఆపరేటరమ్మ దీన్ని నిద్రపుచ్చుతుందే కానీ ఎప్పుడూ ఆపదు. సరే, పైనుంచి కిందికి రావాలి. ముందు కరెంటు, తర్వాత వైరు, తర్వాత లైటు, తర్వాత డ్రైవరు, అట్నుంచి ఇటు రాకూడదు అత్తయ్యా, ఇట్నుంచే అటు వెళ్ళాలి, అని ఆ పిల్ల నేలమీద బాసింపట్టు వేసుకుని పాఠం చెప్పిన రోజు గోడకి కొత్తగా సున్నం వేసిన వాసన. కరెంటు ఉంది. వైరు ఉంది, కంప్యూటర్ డబ్బా వెనకాల చెయ్యి పెట్టి తడిమి చూస్తే టిక్కుమని పట్టుకునే ఉంది. లైటు చూడాలంటే వెనక్కి వంగాలి, నడుము ఒప్పుకోదు. అందుకే సొరుగులో చేతి అద్దం. అద్దాన్ని గోడకీ డబ్బాకీ మధ్య సందులోకి జొనిపి, అటూ ఇటూ వంచితే వైరు గుచ్చిన చోట ఉండే పచ్చ లైటు అందులో కనబడుతుంది. ఆ అద్దం ఉపాయం కూడా ఆ పిల్లదే, అద్దమూ ఆ పిల్లదే, వెళ్ళేటప్పుడు మర్చిపోయిందో వదిలేసిందో. ఇప్పుడు అందులో లైటు లేదు, దుమ్మూ, ఓ సాలీడూ, తన చెంప మీది తెల్ల వెంట్రుకా ఉన్నాయి.

డ్రైవరంటే ఏమిటే పిల్లా, అని అడిగింది తను ఆ రోజు. కార్డుకి వచ్చిన భాష కంప్యూటర్‌కి రాదు అత్తయ్యా, కంప్యూటర్ భాష కార్డుకి రాదు, ఇద్దరి మధ్యా కూర్చుని ఇతని మాట అతనికీ అతని మాట ఇతనికీ అందించేదే డ్రైవరు. అయితే నేను టెలిఫోన్ ఆపరేటరుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ డ్రైవర్నేనన్నమాట, అంటే ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక నేల మీద చెయ్యి కొట్టింది. ఆ వారమే నిజంగా డ్రైవరు పోయింది. తను వరండాలో నిలబడి, మా డ్రైవరు పోయాడండీ, నిన్నటినుంచీ ఇంట్లో ఎవరికీ ఏమీ తోచట్లేదు, అని ఎవరితోనో అంటుంటే మేడమీదావిడ పరుగున దిగొచ్చి, అయ్యో ఎంత పని జరిగింది, పెళ్ళాం పిల్లలున్నారా అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకుని లోపలికొచ్చి అత్తాకోడళ్ళిద్దరూ తలుపేసుకుని మరీ నవ్వారు. కొడుకు గదిలోంచి తొంగిచూసి, మీ ఇద్దరికీ పిచ్చి పట్టింది అన్నాడు. వాడెప్పుడూ తొంగి చూసేవాడే కానీ వచ్చి కూర్చునేవాడు కాదు. వాడు చెడ్డవాడని కాదు. నిజం చెప్పాలంటే వాడు ఎవరితోనూ కూర్చోలేడు, చిన్నప్పటినుంచీ అంతే, అన్నం కూడా నిలబడి తినేవాడు.

కంప్యూటర్ వచ్చిన రోజు వాన. వాన్‌లోంచి దించుతుంటే ఆ పిల్ల తను తడుస్తూ తన శాలువా తీసి డబ్బాకి కప్పింది. పెళ్ళై అప్పటికి ఎన్నాళ్ళైందని, ఇంకా ఈ ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుంటుందో కూడా తెలియని కొత్త. అత్తగారంటే భయం. అత్తగారికీ కోడలంటే భయమేనని ఆ పిల్లకి తెలియదు. చదువుకున్న పిల్ల, తనని చూసి ఏమనుకుంటుందో అని ఆపరేటరమ్మ రోజూ చీర రెండుసార్లు సర్దుకునేది. ఆ సాయంత్రం అన్నీ బిగించి, టెలిఫోన్ వైరు పీకి దీనికి గుచ్చి మొదటిసారి నెట్ కలిపారు. అబ్బా ఆ చప్పుడు! కీచుమని, గరగరమని, బుస్సుమని. కొడుకు చెవులు మూసుకున్నాడు. పాడైపోయిందేమో అన్నాడు. వంటింట్లో ఉన్న ఆపరేటరమ్మ గరిటె పట్టుకునే వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నది, విని, ఏం పాడవలేదు, పలకరించుకుంటున్నాయి అంది. ఏంటత్తయ్యా అంది ఆ పిల్ల. ఇదిగో విను, ఇప్పుడు ఇది అవతలివాణ్ణి పిలిచింది, అవతలివాడు ఎత్తాడు, ఎవరు మాట్లాడేది అంటున్నాడు, ఇది పేరు చెప్పింది, గట్టిగా మాట్లాడు వినబడట్లేదు అంటున్నాడు, ఎంత తొందరగా మాట్లాడగలవో అడుగుతున్నాడు, బేరమాడుకుంటున్నారు, బేరమాడుకుంటున్నారు, అదిగో, కుదిరింది. సరిగ్గా అప్పుడే చప్పుడు ఆగిపోయింది. తెర మీద కలిసింది అని వచ్చింది. ఆ పిల్ల నోరు వెళ్ళబెట్టి తనకేసి చూసిన చూపు, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ పై అధికారీ చూడలేదు అలా. మీకెలా తెలుసు అత్తయ్యా? నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందే, ట్రంకు ఎక్స్‌ఛేంజిలో ఇదేగా నా బతుకంతా. ఆ రోజునుంచీ భయం పోయింది, ఇద్దరికీ.

ట్రంకు ఎక్స్‌ఛేంజి. పొడుగాటి గది, గోడనిండా చిల్లులు, ఒక్కో చిల్లుకీ ఒక ఊరు. ఎత్తు స్టూళ్ళ మీద ఆడవాళ్ళందరూ వరసగా గోడకేసి తిరిగి కూర్చునేవారు, ఒకరి మొహం ఒకరికి కనబడేది కాదు, గొంతులే. ఈ చిల్లులోంచి వైరు తీసి ఆ చిల్లులో గుచ్చితే ఎక్కడి మనిషో ఎక్కడి మనిషితోనో మాట్లాడేవాడు. వినకూడదని నియమం, వినేది కాదు. మూడు నిమిషాలు కాగానే మాత్రం మధ్యలో దూరాలి. మూడు నిమిషాలు అయ్యాయండీ, పొడిగించమంటారా? ఆ ఒక్క ముక్క ఎన్ని వేలసార్లు అని ఉంటుందో. ఎవరో ఏడుస్తుంటారు, ఎవరో ముద్దుముద్దుగా మాట్లాడుకుంటుంటారు, ఎవరో అసలేమీ మాట్లాడుకోకుండా ఊపిరి వింటూ ఉంటారు, వాళ్ళందరి మధ్యలోకీ ఈవిడ రాయిలాంటి గొంతేసుకుని, పొడిగించమంటారా? పొడిగించండి, పొడిగించండి అని బతిమాలేవారు కొందరు, తనేదో వాళ్ళ ఆయుష్షు పొడిగిస్తున్నట్టు. ఇది చెబితే ఆ పిల్లకి ఎంత నచ్చేసిందంటే, వంటింట్లో తను పక్కింటావిడతో కబుర్లలో పడితే చాలు, వెనకనుంచి వచ్చి ముక్కు పట్టుకుని, మూడు నిమిషాలు అయ్యాయండీ, పొడిగించమంటారా? అచ్చం తన గొంతే. దొంగ మొహం.

తర్వాత ఏమైందో ఆపరేటరమ్మకి ఇప్పటికీ ముక్కలుగానే తెలుసు. అరుపులు లేవు, గిన్నెలు ఎగరలేదు. ఒకే గదిలో ఇద్దరు మంచివాళ్ళు, మాటలు మాత్రం రోజురోజుకీ తగ్గిపోయాయి. లైను అంతా బాగానే ఉన్నా అవతల ఎవరూ ఎత్తనట్టు. తను మధ్యలో కూర్చుని ఇటు మాట అటు అందించాలని ఎంత చూసిందో, ఎంత గింజుకుందో! చివరికి ఒక పూట ఆ పిల్లే వచ్చి, మీరు అలిసిపోతున్నారు అత్తయ్యా, వద్దు, అంది. తన గురించి ఆలోచించాల్సిన రోజున కూడా తన గురించి కాదు, అత్తగారి గురించే. ఇస్త్రీపెట్టె తీసుకుంది, పుస్తకాలు తీసుకుంది, కిటికీలో కుండీ తీసుకుంది. కంప్యూటర్ తీసుకెళ్ళమన్నాడు కొడుకు. అది అత్తయ్యకి ఉండనీ అంది. దాని కవరు తనే ఒకసారి సర్దింది, పాత కర్టెను గుడ్డతో ఆపరేటరమ్మ కుట్టిన కవరు. ఆ పిల్ల మెట్లు దిగిపోయాక గానీ ఆపరేటరమ్మకి ఏడుపు రాలేదు, వచ్చాక మాత్రం ఆగలేదు.

ఆ పిల్ల వెళ్ళాక మొదటిసారి నెట్ నిజంగానే పోయింది. దేవుడి తోడు నిజంగానే. ఎన్నో రోజులు ఊరుకుంది. కొడుకుని అడిగితే పారేద్దాం లేమ్మా, ఇప్పుడెవరు వాడుతున్నారు అన్నాడు. అప్పుడు ఫోన్ తీసి, హెల్ప్ డెస్కు నంబరు కనుక్కుని నొక్కింది. ఎవరో ఏమో అనుకుంటారని నాలుగు మాటలు ముందే కూడబలుక్కుంది. అవతల అధికారికంగా పలికిన గొంతు, నేనే పిల్లా అనగానే ఒక్క క్షణం ఆగింది. తర్వాత, చెప్పండి అత్తయ్యా, లైటు వెలుగుతోందా? అంతే. ఎలా ఉన్నారనీ లేదు, ఎందుకు చేశారనీ లేదు, నిన్ననే మాట్లాడుకున్నట్టు, లైటు వెలుగుతోందా? వైరు వదులైంది, అంతే రోగం. రెండోసారీ నిజమే. ఆ తర్వాత ఎంతకీ పాడవలేదు, మొండిది. ఎదురుచూసి ఎదురుచూసి విసుగెత్తి ఒక రోజు ఆ పిల్ల నేర్పిన పాఠాన్నే తిరగేసి చదివింది ఆపరేటరమ్మ. నెట్ ఎలా వస్తుందో తెలిసినవాళ్ళకి ఎలా పోతుందో తెలియదా? అలా దొరికింది ఎర్ర ఇంటూ గుర్తు. అత్యాశకి పోలేదు, అనుమానం రాకుండా మధ్యలో మంచి ఎడం ఉంచుకుంటూ, వానలప్పుడు ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి. ఎందుకమ్మా ఆ పాత డొక్కు, ఊరికే పాడవుతూ ఉంటుంది అంటాడు కొడుకు. పాడవుతుంది కాబట్టే దాన్ని ఉంచుకుందని వాడికి ఏం చెబుతుంది!

ఇంటూ గుర్తు తీసేయడం చిటికెలో పని. కానీ ఆ పిల్ల ఎప్పుడూ నేరుగా అక్కడికి రాలేదు. ముందు వైరు పీకి మళ్ళీ పెట్టమనేది. అద్దంలో చూడమనేది. ఏవో అక్షరాలు కొట్టమనేది, అవి కొట్టాక తెర మీద గీత నెమ్మదిగా నిండుతుంటే, అది నిండేలోపు ఇంకేంటి అత్తయ్యా అనేది. ఆ గీత నిండేలోపు ఎన్ని కబుర్లు! వాళ్ళమ్మ మోకాళ్ళు, జుట్టు రాలిపోవడం, కొత్త ఇంటావిడ సణుగుడు. తను కంటికి ఆపరేషను చేయించుకున్నది కొడుక్కన్నా ముందు ఆ పిల్లకే తెలుసు. ఆఫీసులో ఒకాయన ఉన్నాడని, తక్కువ మాట్లాడతాడు గానీ అడిగిన దానికి జవాబు చెబుతాడని, వచ్చి పక్కన కూర్చుంటాడని విన్నది కూడా ఆ గీత సగంలో ఉండగానే. కూర్చుంటాడా? కూర్చుంటాడు అత్తయ్యా. అయితే ఆలోచించవే, అంది తను. తన నోటితో తనే అంది. ఫోన్ పెట్టేశాక సంతోషమే వేసింది, నిజంగా సంతోషమే, కానీ వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించి ఎందుకు వెలిగించిందో తెలియక చాలాసేపు నిలబడింది.

సీడీ ఉండాలి. కార్డుతోపాటు వచ్చిన సీడీ, డ్రైవరంతా అందులోనే ఉంటుంది. ఆపరేటరమ్మ లేచి అలమారా కింది అర అంతా తిరగేసింది. దొరికింది, పాత పాటల సీడీల కింద. తీరా డబ్బాకున్న అర తెరుచుకోదు. బటను నొక్కితే లోపల గుర్రుమంటుంది, బయటికి రాదు. దానికి ముందు వైపు సూది బెజ్జం ఒకటి ఉంటుంది, తలపిన్నుతో పొడిస్తే చచ్చినట్టు తెరుచుకుంటుంది. ఆ ఉపాయం ఎవరిదో వేరే చెప్పాలా? తలలోంచి పిన్ను తీసి పొడిచింది. వచ్చింది. సీడీ పెట్టింది. అది తిరిగింది, తిరిగింది, ఆయాసపడింది, చదవలేనంది. బయటికి తీసి వెలుతురుకి పెట్టి చూస్తే నిండా గీతలు. ఎవరో దాని మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక కూడా. ఎవరో ఏమిటి, తనే. డ్రైవరు కావాలంటే నెట్‌లోంచి తెచ్చుకోవాలి. నెట్ రావాలంటే డ్రైవరు ఉండాలి. ఈ కంప్యూటర్ని కనిపెట్టిన మహానుభావుడెవరో కానీ వాడింట్లో అత్తాకోడళ్ళు ఉండి ఉండరు.

ఇంతలో ఫోన్ మోగింది. కొడుకు. "ఏం చేస్తున్నావమ్మా?"

"ఏం లేదురా, ఊరికే కూర్చున్నా."

"ఆ డొక్కు ముందేనా? రేపు మనిషిని పంపిస్తా, పట్టుకుపోతాడు. నీకో ట్యాబ్ తెస్తాలే. అస్సలు పాడవదు."

అస్సలు పాడవదట. "చూద్దాంలేరా," అంది. వాడు పెట్టేయకుండా, "తనకి వచ్చే వారమట కదా," అన్నాడు. "అవునట," అంది. "మంచిదేలేమ్మా," అన్నాడు వాడు. గొంతు బాగానే ఉంది. నిలబడే మాట్లాడుతున్నాడని ఆపరేటరమ్మకి తెలుసు. "తిన్నావురా? కూర్చుని తిను," అంది. వాడు నవ్వి పెట్టేశాడు.

గోడ గడియారం ముల్లు భోజనాల వేళకి దగ్గరపడింది. ఇప్పుడు చెయ్యాలా? అబద్ధం చెప్పడానికి కూర్చుంది, అబద్ధం కాస్తా నిజమైపోయింది, ఇప్పుడు నిజం చెప్పడానికి భయమేస్తోంది. ఏమని చెబుతుంది, పేరు దానంతటదే పోయిందనా? ఆఖరి రోజు, ఆ పిల్ల చుట్టూ ఆఫీసువాళ్ళంతా ఉంటారు, కేకు కోయిస్తూ ఉంటారు, ఆ కొత్త అత్తగారు కూడా ఫోన్ చేస్తూ ఉండొచ్చు, చీర రంగు అడగడానికో మరోదానికో. కొత్త అత్తగారు. ఆవిడ ఎవరో ఏమో, మంచావిడే అయి ఉంటుంది, చెడ్డదైతే బాగుండునని ఒక్క క్షణం అనిపించి నాలుక కరుచుకుంది. చెడ్డది కాకూడదు, పిల్ల సుఖపడాలి. కానీ ఆవిణ్ణి ఏమని పిలుస్తుంది? ఇంకేమని పిలుస్తుంది, అత్తయ్యా అనే. ఒక పిలుపు ఇద్దరికి ఎలా సరిపోతుంది? అసలు హక్కు ఆవిడది. తనది దొంగ లైను. ఎక్స్‌ఛేంజిలో అలాంటివి దొరికితే వైరు పీకేసేవాళ్ళు. పెళ్ళికి పిలవలేదు ఆ పిల్ల. పిలిస్తే మాత్రం తను వెళ్ళి ఏ వైపు కుర్చీలో కూర్చుంటుంది? ఎవరైనా మీరేమవుతారండీ అంటే ఏం చెబుతుంది? అవతల ఎవరూ లేని తెరకేసి చూస్తూ ఆపరేటరమ్మ మౌసుని అటూ ఇటూ ఊరికే కదిలించింది. వేళ్ళు ఫోన్ మీదికి వాటంతటవే వెళ్ళాయి, చూడకుండా నంబరు నొక్కాయి. వృత్తి అటువంటిది.

ఒక్కసారే మోగింది. "నమస్కారం, హెల్ప్ డెస్క్."

"నేనే పిల్లా."

"చెప్పండి అత్తయ్యా, లైటు వెలుగుతోందా?"

ఆ మాట కోసమే కదా ఇంతసేపూ. విన్నది. విని కళ్ళు మూసుకుంది. వెనకాల ఎవరో నవ్వుతున్నారు, కుర్చీలు జరుపుతున్నారు, ఇటు రావోయ్ అని ఎవరో పిలుస్తున్నారు.

"వెలగట్లేదే. నీకు పనుంటే తర్వాత..."

"పని ఇదేగా. డివైస్ మేనేజర్ తెరిచారా? పేరు మీద ఎర్ర ఇంటూ గుర్తు ఉందా?"

"లేదు," అంది ఆపరేటరమ్మ. "అసలు పేరే లేదు పిల్లా. మొత్తం పోయింది. ఇందాకటిదాకా ఉంది, ఇప్పుడు లేదు. ఏం చెయ్యాలో తెలియట్లేదు నాకు."

అవతల ఊపిరి వినబడింది. తర్వాత చిన్న నవ్వు, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వినట్టు.

"అయ్యో! ఈసారి కిందిది నొక్కేశారా?"

ఆపరేటరమ్మ పక్కనున్న అద్దం చేతిలోకి తీసుకుంది. ఈసారి. ఈసారి అంటే? పట్టపగలు నడివీధిలో అడ్డంగా దొరికిపోయినట్టయింది.

"ఈసారి అంటున్నావేంటే?"

"ఎర్ర ఇంటూ గుర్తు దానంతటది పడదు అత్తయ్యా," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "ఎవరో ఒకరు కూర్చుని పెట్టాలి. రోజూ ఇదే పని కదా నాది, ఆ మాత్రం తెలియదా?"

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆ గుర్తు పడ్డ మొదటిసారే."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మానేస్తారుగా మీరు."

కళ్ళజోడు మసకేసింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో అద్దం. ఆ వైరు పీకి మళ్ళీ పెట్టమనడాలూ, ఆ అక్షరాలు కొట్టమనడాలూ, ఆ గీత నిండేదాకా ఇంకేంటి అత్తయ్యా అనడాలూ, చిటికెలో అయ్యే పనికి అంతంత సేపు, అదంతా ఎందుకో ఇప్పుడు తెలిసింది. దొంగ మొహం, అసలు దొంగ మొహం.

"నేను రేపటినుంచి ఎవరికి చెయ్యనే మరి?" అనేసింది. కూడబలుక్కోని మాట, దానంతటదే వచ్చేసింది. "అక్కడ నీకు ఇంకొకావిడ ఉంటుంది. అత్తయ్యా అని నువ్వు..."

"ఆవిణ్ణి అమ్మా అంటున్నాను అత్తయ్యా. ఆవిడే అలా పిలవమన్నారు. నేనూ ఒకటి రెండుసార్లు ఆ మాటతో పిలవబోయాను, నోరు తిరగలేదు. మీ మొహమే కనబడింది." హెడ్‌సెట్టు సర్దుకున్న చప్పుడు. "సెల్‌కి చెయ్యండి ఇక. పనున్నా లేకపోయినా. మీరు చెయ్యకపోతే నేను చేస్తా. కొత్తింట్లో నాకు మాత్రం నెట్ పాడవదా ఏంటి?"

"నీకు పాడైతే నేనేం చెప్పగలనే?"

"లైటు వెలుగుతోందా అని అడగండి. చాలు."

ఆపరేటరమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి దగ్గు వచ్చింది. మంచినీళ్ళు తాగండి అంది ఆ పిల్ల. తాగింది. "ఇప్పుడు వినండి. ఏం పోలేదు. మీరు తీసేసింది పేరునే, కార్డు లోపలే ఉంది, డ్రైవరూ లోపలే ఉంది. పైన చూడండి, చిన్న కంప్యూటర్ బొమ్మ మీద భూతద్దం ఉంటుంది. దాన్ని నొక్కండి. అదే వెతుక్కుంటుంది."

భూతద్దం కనబడింది. ఇన్నేళ్ళూ కళ్ళ ముందే ఉన్నది. కళ్ళజోడు ముక్కు మీద సర్దుకుని, ఈసారి ప్రతి అక్షరం చదివి, నొక్కింది. తెర మీద ఇసుక గడియారం తిరిగింది. లోపల ఏదో గీరుకుంది, ఆలోచించుకుంది. పేర్ల వరస ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలి, మధ్యలో చోటిచ్చింది. ఆ చోట్లో పేరు, ఎక్కడికీ వెళ్ళనట్టే. ఆపరేటరమ్మ అద్దాన్ని సందులోకి వంచి చూసింది. పచ్చ లైటు, టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది.

వెనకాల ఆఫీసులో ఎవరో మళ్ళీ పిలిచారు, ఇంకా ఎంతసేపు అన్నారు. వస్తున్నా, కాల్‌లో ఉన్నా అంది ఆ పిల్ల వాళ్ళతో. తర్వాత ఇటు, "వచ్చిందా అత్తయ్యా?"

ఆపరేటరమ్మ అద్దంలోని లైటుకేసి చూస్తూనే ఉంది.

"లేదే. ఇంకా రాలేదు. కాస్త టైము పట్టేట్టుంది."

అవతల కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు. తర్వాత ముక్కు పట్టుకున్న గొంతు, అచ్చం ఎక్స్‌ఛేంజి గొంతు. "మూడు నిమిషాలు అయ్యాయండీ, పొడిగించమంటారా?"

"పొడిగించండి," అంది ఆపరేటరమ్మ.